తోలు చదువుకెళ్లిన తెనాలి కుర్రాడు

ఈ మధ్య మీ ఫోన్‌లో బేర్‌ఫుట్ షూస్ వీడియోలు కనిపిస్తున్నాయా? అడుగు పల్చగా ఉంటుంది. మడమ కింద ఎత్తు ఉండదు. ముందు భాగం వెడల్పు, అందులో కాలివేళ్లు ఇరుక్కోకుండా విడివిడిగా పరుచుకుంటాయి. వేసుకున్నా వేసుకోనట్టే అనిపించాలన్నది దాని డిజైన్. స్పెయిన్‌లో తరాల తరబడి మామూలు బూట్లు కుట్టుకుంటూ వచ్చిన పాత కంపెనీలు కూడా ఇప్పుడు ఈ దారి పట్టాయి. రేట్లు చూస్తే మాత్రం మన హాస్టల్ మెస్ బిల్లు గుర్తొస్తుంది.

మా వాకాడు వైపు వాళ్లకి ఇది కాస్త నవ్వొచ్చే విషయమే. స్వర్ణముఖి ఇసుకలో నడిచేవాళ్లు, సముద్రం ఒడ్డున వల లాగేవాళ్లు ఏ బ్రాండూ లేకుండానే బేర్‌ఫుట్. మీ ఇంట్లో తాతయ్య ఉంటే అడిగి చూడండి, ఊళ్లో కుట్టించుకున్న కిర్రు చెప్పులు ఎలా ఉండేవో చెబుతారు. అడుగున గేదె తోలు, వేళ్లకి అడ్డం లేదు, మడమ దగ్గర మెట్ట లేదు. కొన్నాళ్లు తొడిగితే మీ పాదం అచ్చు ఆ తోలు మీద పడిపోతుంది. ఇవాళ ప్రపంచం వేలకు వేలు పోసి కొంటున్న గుణాల్లో సగం అందులో ఉన్నవే.

2025 జూన్‌లో ప్రాడా అనే ఇటలీ కంపెనీ మిలాన్ షోలో మోడళ్ల కాళ్లకి అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి తొడిగి నడిపించింది. మొదట్లో మన పేరు కూడా ఎత్తలేదు. గొడవ అయ్యాక అవి భారతీయ చెప్పుల నుంచి వచ్చినవేనని ఒప్పుకుంది. ఆ వార్త మీరూ చదివే ఉంటారు. అప్పుడు మీకూ ఈ అనుమానం వచ్చి ఉంటుంది. చెయ్యి మనది, తోలు మనది, లెక్క మనది. మరి డబ్బు, పేరు ఎందుకు మనవి కాలేదు?

ఈ అనుమానం చుట్టూనే బతుకంతా పనిచేసిన తెలుగాయన ఒకరున్నారు. యలవర్తి నాయుడమ్మ. పేరులో అమ్మ ఉంది కదా అని ఆవిడ అనుకోకండి. గుంటూరు వైపు మగవాళ్లకి పెట్టే పేరే అది. దేశంలో తోలు శాస్త్రం అంటే మొదట చెప్పుకునే పేరు కూడా ఆయనదే. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆయన గురించి ఒక లైన్ ఉంటుంది, సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ అని. ఆ ఒక్క లైన్ వెనక ఉన్నది మీకు పనికొస్తుంది. ముఖ్యంగా బ్రాంచ్ పేరు చెప్పుకోవడానికి మొహమాటపడే వాళ్లకి.

లంద నుంచి మొదలుపెడదాం

నాయుడమ్మ పుట్టింది 1922 సెప్టెంబరు 10న, తెనాలి దగ్గర యలవర్రులో. వ్యవసాయ కుటుంబం. ఆయన పుట్టిన కాలానికి ఏ తెలుగు ఊరికి వెళ్లినా తోలు పని ఎక్కడ జరిగేదో చెప్పడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. ఊరికి దూరంగా మాదిగవాడ, అక్కడ లందలు. చచ్చిన పశువు తోలు ఒలిచి, ఉప్పు పట్టించి, సున్నం నీళ్లలో నానేస్తే వెంట్రుకలు వదులవుతాయి. వాటిని గీకేసి, లోపలివైపు అంటుకున్న కండ తీసేసి, కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరేస్తారు. బయటికి వచ్చేసరికి అది కుళ్లని వస్తువు. దాంతోనే చెప్పులు, మోట బావికి తోలు తొండం, ఎడ్లకి పట్టీలు, డప్పు. ఊరి సేద్యం మొత్తం ఆ తోలు మీద నడిచేది. ఆ పనికి కూలీ అంటే కల్లంలో గింజల మేర. పని కావాలి, పని చేసిన మనిషి మాత్రం దగ్గరికి రాకూడదు. అదీ లెక్క.

ఇప్పుడు అదే పనిని కెమిస్ట్రీ కళ్లతో చూడండి. పశువు చర్మంలో ముఖ్యమైన పదార్థం కొల్లాజెన్ అనే ప్రోటీన్. పచ్చిగా ఉంటే సూక్ష్మజీవులు తినేస్తాయి, వేడి నీళ్లు తగిలితే ముడుచుకుపోతుంది, ఎండితే రేకులా బిగుసుకుపోతుంది. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండే టానిన్లు కొల్లాజెన్ పోగుల మధ్యకి చొరబడి వాటిని పట్టుకుంటాయి. అప్పుడు ఆ పోగులు కుళ్లవు, వేడిని ఇంకాస్త తట్టుకుంటాయి, వంగుతాయి. అంటే లంద దగ్గర కూర్చున్న మనిషి చేస్తున్నది ప్రోటీన్ రసాయన శాస్త్రం. పుస్తకం లేదు, థర్మామీటర్ లేదు. నీళ్ల రంగు, వాసన, వేలితో నొక్కితే తోలు ఇచ్చే జవాబు, ఇవే ఆయన కొలతలు. నన్నడిగితే ప్రాసెస్ కంట్రోల్ పాఠం ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్ అయ్యాక నాయుడమ్మ బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లి పరిశ్రమలకు సంబంధించిన రసాయన శాస్త్రం చదివారు. అక్కడి నుంచి వచ్చి మద్రాసులోని లెదర్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఇక్కడ కాస్త ఆగండి. ఇది 1940ల మాట. రైతు ఇంట్లో పుట్టి, కాశీ దాకా వెళ్లి చదివిన కుర్రాడు తోలు చదువు చదువుతానంటే బంధువుల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో మీరు ఊహించుకోవచ్చు. తోలు ముట్టుకుంటే మైల అన్న రోజులవి. ఇవాళ ఇంట్లో సీఎస్ఈ కాకుండా వేరే బ్రాంచ్ తీసుకుంటానంటే వచ్చే గొడవని దానితో పోల్చలేం. మన గొడవ జీతం గురించి, అప్పటి గొడవ కులం గురించి.

ఆ తర్వాత ఇంగ్లండ్‌లో శిక్షణ, అమెరికాలో పెన్సిల్వేనియాలోని లెహై విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., పీహెచ్‌డీ. అన్నీ తోలు మీదే. అక్కడే ఉండిపోయే అవకాశాలు ఆ రోజుల్లో అంత చదువున్నవాళ్లకి కొరత కాదు. ఆయన వెనక్కి వచ్చారు. వచ్చింది ఎక్కడికంటే మద్రాసు అడయార్‌లో అప్పుడప్పుడే లేస్తున్న కేంద్ర తోలు పరిశోధన సంస్థకి. దాన్నే సీఎల్ఆర్ఐ అంటారు. 1948 ఏప్రిల్‌లో పునాది రాయి పడిన సంస్థ అది. ఇప్పుడు చెన్నై వెళ్తే ఐఐటీ, అన్నా యూనివర్సిటీలకి దగ్గర్లోనే కనిపిస్తుంది. ఆ రెండింటి గేట్ల ముందు సెల్ఫీ దిగే మనవాళ్లు దీని గేటు ముందు దిగడం నేనెప్పుడూ చూడలేదు.

సంస్థ మద్రాసులోనే ఎందుకు పెట్టారన్నదానికి పాత కథ ఉంది. 1840ల్లో పాండిచ్చేరికి చెందిన చార్లెస్ డి సూసా అనే ఆయన తంగేడు చెక్కతో తోలు శుద్ధి చేసే పద్ధతిని ఒక దారిలో పెట్టాడు. దాంతో మద్రాసు, ఉత్తర ఆర్కాడు ప్రాంతాల్లో తోళ్ల కర్మాగారాలు లేచాయి. ఈస్టిండియా తోలు అనే పేరుతో అది లండన్ మార్కెట్‌కి ఓడలెక్కేది. 1903 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే బ్రిటిష్ అధికారి మద్రాసులో క్రోమ్ పద్ధతి మొదలుపెట్టాడు. చెన్నై లోకల్ ట్రైన్‌లో మీరు దాటే క్రోంపేట స్టేషన్ పేరు కూడా అక్కడి క్రోమ్ లెదర్ కంపెనీ నుంచి వచ్చిందే. ఎన్నిసార్లో ఆ స్టేషన్ దాటినా ఆ పేరు ఊరి పేరే అనుకుంటాం.

అయితే ఓడ ఎక్కింది సగం పని అయిన తోలు. మిగతా సగం, అంటే రంగు, మెరుపు, మెత్తదనం, చివరికి బూటు, అన్నీ బయటి దేశంలోనే. ధర అంతా ఆ మిగతా సగంలోనే ఉంది. మన దగ్గర పశువులున్నాయి, పనివాళ్లున్నారు, తంగేడు పొదలున్నాయి. లాభం మాత్రం బూటు కుట్టిన ఊరికి పోయింది. మీ భాషలో చెప్పాలంటే, డేటా మనం ఇచ్చి, ప్రాడక్ట్ వాళ్ల దగ్గర కొనుక్కున్నట్టు.

కంగారూ తోక కథ

నాయుడమ్మ పనిచేసిన ఆ సంస్థలో తోలు అంటే బూటు ఒక్కటే కాదని తెలియడానికి ఒక చిన్న ముచ్చట. 1950ల మొదట్లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ అనే భౌతిక శాస్త్రవేత్త కొల్లాజెన్ నిర్మాణం తేల్చాలని కూర్చున్నారు. ఎక్స్‌రేలకి మంచి నమూనా కావాలి. దగ్గర్లోనే ఉన్న సీఎల్ఆర్ఐ నుంచి కంగారూ తోక నరాల నుంచి తీసిన కొల్లాజెన్ దొరికింది. 1954లో ఆయన, గోపీనాథ్ కర్తా కలిసి కొల్లాజెన్ మూడు పేటల తాడులా ఉంటుందని నేచర్ పత్రికలో ప్రచురించారు. ప్రపంచ స్థాయి జీవశాస్త్రంలో మన దేశం నుంచి వచ్చిన పెద్ద పేపర్లలో అదొకటి. దాని ముడిసరుకు తోలు ల్యాబ్‌ది. జడ అల్లినట్టు మూడు పేటలు ఉండబట్టే మీ చెప్పు పట్టీ అంత లాగినా తెగదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మురికి పని అని పక్కన పెట్టేవాటిలో ఎంత డబ్బు దాగి ఉంటుందో ఇది చూపిస్తుంది. సున్నం తీసిన తోలు మెత్తబడటానికి ఒకప్పుడు యూరప్‌లో కుక్కల పెంట, పావురాల రెట్ట వాడేవారు. జర్మనీలో ఒట్టో రోమ్ అనే కెమిస్టు, అందులో పనిచేస్తున్నవి ఎంజైములేమో అని వెతికి, ఆ ఎంజైములతో శుభ్రమైన పొడి తయారుచేశాడు. 1907లో దాన్ని అమ్మడానికే పెట్టిన రోమ్ అండ్ హాస్ తర్వాత ప్రపంచంలో పెద్ద రసాయన కంపెనీల్లో ఒకటయ్యింది. వాసన భరించలేక వదిలేసినవాళ్లకి ఆ కంపెనీ రాలేదు.

36 ఏళ్లకి కుర్చీ

1958లో నాయుడమ్మ సీఎల్ఆర్ఐ డైరెక్టరయ్యారు. వయసు 36. 1971 దాకా అక్కడే. ఈ 13 ఏళ్లలో ఆయన చేసిన పెద్ద పని ఒక్క కొత్త రసాయనం కనిపెట్టడం కాదు, ల్యాబ్‌ని మార్కెట్ వీధిలోకి తిప్పడం. అప్పట్లో ప్రభుత్వ ల్యాబ్ అంటే పేపర్లు రాసుకునే చోటు. తోళ్ల వ్యాపారికి ఆ గేటు దాటాలంటే బెరుకు. చదువుకున్న శాస్త్రవేత్తకి తోళ్ల మండీలో నిలబడాలంటే బెరుకు. ఈ రెండు బెరుకుల మధ్య దేశం నష్టపోతోందని ఆయనకి అర్థమైంది. శుద్ధి చేసేవాళ్లని లోపలికి రమ్మన్నారు, శాస్త్రవేత్తల్ని బయటికి పంపారు. మద్రాసు దాకా రాలేనివాళ్ల కోసం కాన్పూరు, కలకత్తా, జలంధర్ లాంటి తోలు ఊళ్లలోనే సంస్థ శాఖలు పనిచేశాయి. సంస్థ, యూనివర్సిటీ, పరిశ్రమ ఒకే చోట కూర్చునేలా ఏడాదికోసారి సమావేశం అలవాటు చేశారు. విద్యార్థులకి పాఠం చెప్పేదీ, ఫ్యాక్టరీ సమస్య తేల్చేదీ ఒకే మనుషులు కావడం దీనివల్లే జరిగింది.

ఇదంతా మీకు ఇంటర్న్‌షిప్, ఇండస్ట్రీ కనెక్ట్ అనే మాటల్లో రోజూ వినిపిస్తుంటుంది. కాలేజీ బ్రోషర్‌లో ఫొటో దగ్గర ఆగిపోయే ఆ కనెక్ట్‌కీ, దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ తోలు పాడైతే నష్టపోయేవాడు ఎదురుగా కూర్చుని ఉండేవాడు. జవాబు తప్పైతే వాడి ముఖం చూడాల్సి వచ్చేది.

శుద్ధికి వాడే చెక్క విషయమే తీసుకోండి. ఆఫ్రికా నుంచి వచ్చే వాటిల్ చెక్క మీద మన కర్మాగారాలు చాలా ఆధారపడేవి. ఓడ ఆలస్యమైతే పని ఆగిపోయేది. మన కొండల్లో పెరిగే చెట్లలో, మన అడవుల్లో రాలే కాయల్లో టానిన్ ఎంత ఉంది, దేన్ని దేనితో కలిపితే తోలు బాగా వస్తుంది అన్న లెక్కలు సీఎల్ఆర్ఐలో తేలాయి. కరక్కాయ పిందె నుంచి తుమ్మ చెక్క దాకా అన్నీ పరీక్ష గొట్టాల్లోకి వచ్చాయి. లంద దగ్గర తాత చేసిన పనినే మనవడు తూకం వేసి, రాసి పెట్టినట్టు.

1971లో ఆయన్ని ఢిల్లీకి పిలిచారు. దేశంలోని ఎన్నో ప్రయోగశాలలకి పెద్ద అయిన సీఎస్ఐఆర్‌కి డైరెక్టర్ జనరల్. అదే ఏడాది పద్మశ్రీ. 1977 దాకా ఆ పదవి. సరిగ్గా ఆ కాలంలోనే తోలు వ్యాపారం తల్లకిందులైంది. 1972లో సీతారామయ్య కమిటీ సగం పని అయిన తోలు ఎగుమతిని తగ్గించాలని, పూర్తయిన తోలు, బూట్లు, వస్తువులే బయటికి వెళ్లాలని చెప్పింది. ప్రభుత్వం కోటాలు, సుంకాలు పెట్టింది. వ్యాపారులు గోల పెట్టారు. వాళ్ల బాధ కూడా అర్థం లేనిది కాదు, పూర్తయిన తోలు చేయాలంటే కొత్త యంత్రాలు, కొత్త రసాయనాలు, చదువుకున్న మనుషులు కావాలి. ఆ మనుషుల్ని, ఆ పద్ధతుల్ని అంతకు ముందు పదిహేనేళ్లుగా తయారుచేసి పెట్టింది సీఎల్ఆర్ఐ. నిర్ణయం కాగితం మీద ఒక్క రోజులో వస్తుంది, దాన్ని మోసే మనిషి మాత్రం పదిహేనేళ్లకి గానీ తయారవడు. ఆ తర్వాత దశాబ్దాల్లో ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో కుట్టిన బూట్లు యూరప్ షాపుల్లోకి వెళ్లాయి.

ఢిల్లీ కుర్చీలో ఉండగానే ఆయన మన కరీంనగర్ వైపు చూశారు. సీఎస్ఐఆర్ ప్రయోగశాలల్లో ఉన్న విద్యంతా కలిపి ఒక జిల్లాని బాగుచేయగలదా అన్నది ప్రశ్న. నీళ్లు, ఇళ్లు, చిన్న పరిశ్రమలు, చేతివృత్తులు, అన్నీ అందులో ఉన్నాయి. కరీంనగర్ ప్రాజెక్టు అని దానికి పేరు. శాస్త్రవేత్తల్ని జిల్లా రోడ్ల మీద తిప్పడమే అప్పటికి కొత్త.

ఇప్పుడు చేదు విషయం. క్రోమ్ పద్ధతిలో వారాలు పట్టే పని ఒక రోజులో అయిపోతుంది, తోలు మరిగే నీటినీ తట్టుకుంటుంది. అందుకే ఫ్యాక్టరీలన్నీ అటే వెళ్లాయి. కానీ తోలు పీల్చుకోని క్రోమియం, ఉప్పు నీళ్లతో కలిసి పాలార్‌లోకి పోయింది. బావులు పాడయ్యాయి, పొలాలు చెడిపోయాయి. 1996లో వేలూరు పౌరుల కేసులో సుప్రీంకోర్టు, పాడుచేసినవాడే మూల్యం చెల్లించాలని తీర్పిచ్చింది. అప్పటికి నాయుడమ్మ లేరు. ఎగుమతి పెరిగిన వేగంతో శుద్ధి ప్లాంట్లు పెరగలేదన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే. తర్వాతి తరం సీఎల్ఆర్ఐ వాళ్లు నీళ్లు లేకుండా క్రోమ్ పట్టించే పద్ధతి తెచ్చారు. మీరు ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదువుతుంటే మీ పని ఇంకా అక్కడ మిగిలే ఉంది.

రెండో చేదు ఇంకా పెద్దది. తోలు శాస్త్రం అయ్యింది, పరిశ్రమ అయ్యింది, విదేశీ మారకం అయ్యింది. లంద దగ్గర మొదలుపెట్టిన మనిషికి అందులో ఎంత వాటా వచ్చింది? ఊళ్లలో చెప్పులు కుట్టేవాళ్ల పనిని రబ్బరు, ప్లాస్టిక్ తినేశాయి. కర్మాగారాలకి యజమానులైంది ఎక్కువగా వేరేవాళ్లు. నాయుడమ్మ తోలుకున్న మైలని ల్యాబ్‌లో కడిగారు. ఊళ్లో కడగడం ఒక శాస్త్రవేత్త చేతిలో ఉన్న పని కాదు. అయినా ఆ పనిని పీహెచ్‌డీ చేయదగ్గ విద్యగా నిలబెట్టడం వల్ల ఒకటి జరిగింది. ఇవాళ ఆ వాడ నుంచి వచ్చిన పిల్లలు అదే సబ్జెక్టుని డిగ్రీగా చదివి, తల ఎత్తుకుని ఆ ఫ్యాక్టరీల్లో ఆఫీసర్లుగా వెళ్లే దారి ఉంది.

మన పాదం ఎంత వెడల్పు?

బేర్‌ఫుట్ సంగతికి వద్దాం. 2005, 2006 ప్రాంతంలో వైబ్రమ్ అనే ఇటలీ అడుగుల కంపెనీ అయిదు వేళ్లూ విడిగా ఉండే బూటు తెచ్చింది. 2010లో హార్వర్డ్ శాస్త్రవేత్త డేనియల్ లీబర్‌మన్ బృందం, చెప్పుల్లేకుండా పరిగెత్తే అలవాటున్నవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతారని నేచర్‌లో చూపించింది. దాంతో పిచ్చి పట్టుకుంది. వైబ్రమ్ ఆరోగ్య లాభాల గురించి చెప్పినవాటికి ఆధారాల్లేవని అమెరికాలో కేసు పడి, 2014లో 37.5 లక్షల డాలర్లకి రాజీ చేసుకుంది. కాబట్టి మోకాళ్ల నొప్పులు పోతాయని ఎవరైనా అమ్మితే జాగ్రత్త. బూటు వెడల్పుగా, పాదానికి తగ్గట్టు ఉండాలన్న మాట మాత్రం నిలబడింది.

అక్కడే నాయుడమ్మ సంస్థ మళ్లీ వస్తుంది. మనం ఇన్నాళ్లూ కొంటున్న బూట్ల సైజులు యూకే, యూరప్, అమెరికా కొలతలు. అవి వాళ్ల పాదాలు చూసి పెట్టినవి. సీఎల్ఆర్ఐ దేశమంతా తిరిగి లక్ష మందికి పైగా పాదాల్ని త్రీడీ స్కానర్లతో కొలిచింది. తేలిందేమిటంటే, మన పాదాలు ముందు భాగంలో వాళ్లకన్నా వెడల్పు. అందుకే మనలో చాలామంది వేళ్లు నొక్కుకోకుండా ఉండాలని ఒక సైజు పెద్దది కొని, పొడవు ఎక్కువైతే లేసులు బిగించి లాగుతుంటాం. ఈ కొలతలతో భ అనే పేరుతో భారతీయ సైజు పద్ధతి ఒకటి తయారుచేశారు. ముందు భాగం వెడల్పుగా ఉండాలన్న బేర్‌ఫుట్ సూత్రం మనకి ఫ్యాషన్ కాదు, కొలత. తొడిగేవాడి కాలు దగ్గర మొదలుపెట్టి బూటు దాకా రావడం అనే ఆ పద్ధతి, వ్యాపారి సమస్య దగ్గర మొదలుపెట్టి ల్యాబ్ దాకా వచ్చిన నాయుడమ్మ పద్ధతే.

ఇక మీ సంగతి. వాకాడు నుంచి నాయుడుపేట మీదుగా తడ వెళ్లండి. అక్కడ మాంబట్టు సెజ్‌లో అపాచీ అనే సంస్థ అడిడాస్ బూట్లు చేస్తోంది. పని చేసేవాళ్లలో చాలామంది మన చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే. మనలో చాలామందికి అది లైన్‌లో నిలబడి చేసే ఉద్యోగంగానే తెలుసు. ఆ లైన్‌కి పైన ఏముందో ఎవరూ చెప్పరు. ప్యాటర్న్ గీసేవాళ్లు, కాలి అచ్చు డిజైన్ చేసేవాళ్లు, పదార్థాలు పరీక్షించేవాళ్లు, ప్లాంట్ నీళ్లు చూసేవాళ్లు, యంత్రాలకి ప్రోగ్రాం రాసేవాళ్లు. మెకానికల్, కెమికల్, సీఎస్ఈ, అందరికీ చోటుంది. అన్నా యూనివర్సిటీ, సీఎల్ఆర్ఐ కలిసి లెదర్ టెక్నాలజీలో బీటెక్, ఎంటెక్ నడుపుతున్నాయి. హైదరాబాద్‌లో ఎఫ్‌డీడీఐ క్యాంపస్ ఉంది, ఫుట్‌వేర్ డిజైన్ కోర్సులకి ఏఐఎస్‌టీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. బూటుని క్యాడ్‌లో గీయడం నేర్చుకున్నవాడికీ, గేర్ గీయడం నేర్చుకున్నవాడికీ సాఫ్ట్‌వేర్ దాదాపు ఒకటే. తేడా ఏమిటంటే గేర్ కాలికి కరవదు. ఒక మాట ముందే చెబుతున్నా, మొదటి జీతం ఐటీ ఆఫర్ లెటర్లంత కళ్లు చెదిరేలా ఉండకపోవచ్చు. చెన్నై చుట్టూ, తడ చుట్టూ ఈ పని తెలిసినవాళ్ల కోసం వెతికే కంపెనీలు ఉన్నాయన్నది మాత్రం నిజం.

నాయుడమ్మ చివరి ఏళ్లు. 1981లో ఢిల్లీ జేఎన్‌యూకి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లి, మరుసటి ఏడాదే బయటికి వచ్చేశారు. ఆ క్యాంపస్ రాజకీయాల్లో ఇమడటం అంత తేలిక కాదు. తర్వాత మద్రాసు. ఐక్యరాజ్య సమితి సంస్థల తరఫున, పేద దేశాల్లో తోలు పరిశ్రమలు ఎలా పెట్టుకోవాలో చెప్పడానికి తిరుగుతూనే ఉన్నారు. పశువులున్నా బూట్లు కొనుక్కునే దేశాలు ఆఫ్రికాలోనూ చాలా ఉన్నాయి. మన కథే వాళ్లదీ.

1985 జూన్‌లో ఆయన కెనడాలో ఉన్నారు. తిరుగు ప్రయాణానికి ఎక్కిన విమానం ఎయిరిండియా కనిష్క. మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ రావాలి. జూన్ 23న ఐర్లండ్ తీరానికి దగ్గర్లో, సముద్రం మీద ఎగురుతుండగా సామాన్లలో పెట్టిన బాంబు పేలింది. 329 మంది పోయారు. నాయుడమ్మకి 62 ఏళ్లు.

తెనాలిలో ఆయన పేరు మీద అవార్డు ఇస్తున్నారు. తోళ్ల వ్యాపారులూ, శాస్త్రవేత్తలూ, విద్యార్థులూ ఒక చోట కూర్చునే ఆ సమావేశం చెన్నైలో ఇప్పటికీ జరుగుతోంది, మామూలుగా జనవరి నెలాఖర్లో. సూళ్లూరుపేటలో పొద్దున్నే లోకల్ ఎక్కితే మధ్యాహ్నం లోపే అడయార్ చేరొచ్చు.